రంగు కింది బాణం

సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్,
నవంబరు 28.

సౌభాగ్యవతి నీలవేణికి, నీ ఇంటాయన నూకయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను కులాసా. నా మోకాళ్లు, నీ తులసి మొక్క, మన గోడ మీద పడుకునే ఆ గండుపిల్లి కూడా కులాసా. అక్కడ సోంపేటలో నువ్వూ, మీ చెల్లి దాలమ్మా, వాళ్లాయనా సుఖంగా ఉన్నారనీ, నీ దగ్గు ఇంకో పిసరు తగ్గిందనీ తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం చేతికందింది. నాలుగు పేజీలు. మొదటి పేజీలో బాగోగులు, మిగతా మూడింట్లోనూ తిట్లు. చదివి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నవ్వకు, నిజమే రాస్తున్నాను. జూలైలో నిన్ను రైలెక్కించినప్పుడు నువ్వు రెండు మాటలు కలిపి అనలేకపోయావు. కిటికీ ఊచ పట్టుకుని చెయ్యి మాత్రం ఊపావు. అలాంటి మనిషి మూడు పేజీలు తిట్టిందంటే ఊపిరి ఆడుతోందన్నమాట. ఇంకో మూడు పేజీలు తిట్టు, పడతాను.

ఫోనులో ఎక్కువసేపు మాట్లాడితే నీకు దగ్గు తెర వస్తుందని డాక్టరు వద్దన్నప్పుడు నేను విసుక్కున్నాను గానీ, ఈ ఉత్తరాల పద్ధతే మంచిదనిపిస్తోంది. ఫోనులో అయితే నువ్వు అడిగినదానికి ఆఁ ఊఁ అని దాటేసేవాణ్ణి. కాగితం మీద అంత తేలిగ్గా దాటేయలేం. అయినా నేను రెండు నెలలు దాటేశాను. ఆ సంగతి తర్వాత వస్తుంది, ముందు నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు.

తిండి సంగతి అడిగావు. పొద్దున్న నేనే వండుకుంటున్నాను. పప్పు మాడకుండా దించడం వచ్చేసింది. సాయంత్రం పక్కింటి బెంగాలీ బౌదీ ఏదో ఒకటి పంపుతూనే ఉంది. మొన్న ఆవపెట్టిన చేపకూర పంపింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఘాటుకి. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని నువ్వు చెప్పేదానివి కదా, అందుకని నేను చేసిన ఉల్లిపాయ పులుసు పోసి ఇచ్చాను. ఆవిడ తిందో లేదో తెలీదు గానీ మర్నాడు 'ఖూబ్ భాలో, దాదా' అని మెచ్చుకుంది. ఆ తల్లికి నువ్వు వచ్చాక ఒక చీర పెట్టాలి.

దాలమ్మ నీ మందుల వేళ తప్పనివ్వడం లేదని రాశావు. మా మరదలికి నేను ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. పెళ్లయిన కొత్తలో దాని గయ్యాళితనం చూసి భయపడేవాణ్ణి. ఆ గయ్యాళితనమే ఇప్పుడు నీకు మందు మింగిస్తోంది. దానికి నా మాటగా చెప్పు, ఇకమీదట దాన్ని ఒక్క మాట కూడా అననని. మా తోడల్లుడి దగ్గర మాత్రం ఈ ముక్క చదవకు, పగలబడి నవ్వుతాడు.

ఇక అసలు ప్రశ్నలు. ఒకటి: 'మిషను నిజంగా పనిచేస్తోందా? పనిచేస్తుంటే తీసుకున్న టిక్కెట్టు ఎందుకు రద్దు చేయించావు?' రెండు: 'వంటింటి కప్పు కారుతోందన్నావు, నవంబరులో మీకు వానలేమిటి?' మూడు: 'మా తమ్ముడు గణపతి ఫోను ఎందుకు ఎత్తడం లేదు? మీ ఇద్దరి మధ్యా ఏమైంది?' కప్పు కారలేదు. అది అబద్ధం. మిగతా రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే, కానీ అది ఒక్క వాక్యంలో అయ్యేది కాదు. మొదటినుంచీ రాస్తాను. నీకు తెలిసిన ముక్కలు కూడా రాస్తాను, లేకపోతే నాకే వరస తప్పుతుంది.

రైల్వే వర్క్‌షాపులో బోగీల వడ్రంగిగా రిటైరయ్యాక ఇంటి ముందు షెడ్డులో నేను రంపం మిషనూ, చిత్రిక పట్టే రందా మిషనూ పెట్టుకున్నది ఊరికే కూర్చోలేక. ముందు షెడ్డు, వెనక మన రెండు గదులు, మధ్యలో ఒక్క గోడ. లావు పొట్టు నేల మీద పడుతుంది, ఊడ్చేస్తాం. సన్నటి దుమ్ము మాత్రం గాలిలో తేలి ఇంట్లోకి వచ్చేది. ఏడేళ్లు నువ్వు ఆ దుమ్ములోనే వండావు, ఆ దుమ్ములోనే పడుకున్నావు, ఒక్కరోజు నోరెత్తి అనలేదు. డాక్టరు ఛాతీ ఫోటో తీసి చూపించి, 'ఈ ఇంట్లో దుమ్మయినా ఉండాలి, ఈవిడయినా ఉండాలి' అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నిన్ను సోంపేట పంపాక దుమ్ము లాగే బ్లోయరు తెప్పించాను. రేకుపనిలో మీ తమ్ముణ్ణి మించినవాడు ఈ ఊళ్లో లేడు గనక, పైపులన్నీ గణపతిరావు చేత చేయించాను. ప్రతి మిషను దగ్గరా పైపుకు ఒక మూతి, మూతికి ఒక తలుపు రేకు. ఏ మిషను నడిపితే ఆ తలుపు తెరుస్తాం, మిగతావి మూస్తాం. దుమ్మంతా పైపుల్లోంచి బ్లోయరుకు పోయి, లావు పొట్టు డ్రమ్ములో పడి, సన్నది గుడ్డ సంచిలో ఆగుతుంది. ఆగస్టులో మొదటిసారి నడిపినప్పుడు నా భుజం మీద తువ్వాలు లాక్కుంది. అది నీకు అప్పుడే రాశాను, అందులో అబద్ధం లేదు.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. పూజనాడు మిషన్లన్నీ కడిగి, తుడిచి, రంగు వేసి, బొట్టు పెట్టాలి కదా. కొత్త బ్లోయరు ఆకుపచ్చ రంగులో వచ్చింది. రైల్వే మనిషి షెడ్డులో ఆకుపచ్చ బ్లోయరేమిటి? పాత బోగీల ఎర్రరంగు డబ్బా తీసి రెండు పూతలు వేశాను. ఏమి మెరిసిందనుకున్నావు! బంతిపూల దండ వేసి, హారతిచ్చి, పిల్లలందరికీ ప్రసాదం పంచాను. ఆ రోజు ఏ మిషనూ నడపకూడదు గనక నడపలేదు. రెండు రోజుల తర్వాత నడిపాను. గుయ్‌మంది. పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టాను, లాగింది.

లాగింది గానీ మునుపటిలా లాగలేదు. అది నాకు వెంటనే తట్టలేదు. వారం తర్వాత రంపం కింద పొట్టు కుప్ప పడటం చూశాను. ఇసకకాగితం పట్టిస్తుంటే దుమ్ము పైపు వైపు పోకుండా నా ముక్కు వైపు వస్తోంది. సరే, సంచి నిండిపోయుంటుందని విప్పి వీధిలో దులిపాను. వీధంతా తెల్లబడి అందరూ నన్ను తిట్టారు, బ్లోయరు మాత్రం మారలేదు. డ్రమ్ము ఖాళీ చేసి, మూత చుట్టూ రబ్బరు కొత్తది వేశాను. తలుపు రేకులన్నీ ఒక్కొక్కటే మూసి చూశాను. వంపుల దగ్గర కర్రతో తట్టాను. ఒక వంపులో ఏదో ఉన్నట్టు బండగా మోగింది.

విప్పితే ఏముందనుకుంటున్నావు? ఎండిపోయిన బంతిపూల దండ! నేను వేసిన దండనే, తెగి పైపు మూతి దగ్గర పడితే మింగేసింది. 'దొరికావే దొంగా' అని ఆ దండ పట్టుకుని షెడ్డులో ఒక్కణ్ణే గంతులేశాను. మళ్లీ బిగించి నడిపితే పిసరంత తేడా, అంతే. ఆ పూట అన్నం సయించలేదు.

గణపతిని పిలిచాను. వాడు వచ్చి, ఊదుబత్తి వెలిగించి, ఒక్కో అతుకు దగ్గరా పట్టుకుని నిలబడ్డాడు. అతుకు దగ్గర సందుంటే పొగ లోపలికి పోతుంది, లేకపోతే తిన్నగా పైకి లేస్తుంది. ఇరవై మూడు అతుకులు. నిచ్చెనెక్కి దిగి, ఎక్కి దిగి, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా చూశాడు. ఒక్క చోట పొగ వంగింది, అక్కడ లప్పం పెట్టాడు. 'పైపుల్లో ఇంకేటీ నేదు బావా. బ్లోయరు సూపించు, దాన్లోనే ఏదో ఉంది' అన్నాడు. నేను వినలేదు. కొత్త బ్లోయరులో తప్పేముంటుందని నా వాదన.

నీలా, ఇక్కడిదాకా రాయడం తేలిక. ఇక్కణ్ణుంచి చెయ్యి ఆడటం లేదు. మధ్యలో లేచి రెండుసార్లు మంచినీళ్లు తాగి వచ్చాను.

ఆ సాయంత్రం వీధి మలుపులో నితాయ్‌దా టీ దుకాణం దగ్గర వాడూ నేనూ నిలబడ్డాం. వర్క్‌షాపు వాళ్లు పది మంది ఉన్నారు. వాడు మళ్లీ బ్లోయరు సంగతి ఎత్తాడు. నాకు ఒళ్లు మండింది. 'పైపు సన్నంగా సేసినావు. రేకు మిగుల్సుకోడానికి సేసినావు. మీ అప్ప ఊపిరితో ఆడుకున్నావురా నువ్వు' అన్నాను. గట్టిగానే అన్నాను. టీ పోస్తున్న నితాయ్‌దా చెయ్యి ఆగిపోయింది. వాడు గ్లాసు బల్ల మీద పెట్టి, 'సరే బావా' అన్నాడు. ఆ రెండు మాటలే. స్కూటరెక్కి నిమ్‌పురా వెళ్లిపోయాడు.

నువ్వు చంటిపిల్లాడిలా ఎత్తుకు పెంచిన తమ్ముణ్ణి నేను అలా అన్నాను. అందుకే వాడు నీ ఫోను ఎత్తలేదు. ఎత్తితే నీకు అబద్ధం చెప్పాలి, లేదా నామీద చెప్పాలి. రెండూ చెయ్యలేక ఊరుకున్నాడు. ఆ సంగతి నాకూ ఈ మధ్యే అర్థమైంది.

ఆ తర్వాత నెల పైన గడిచింది. దీపావళి పోయింది. నేను ఆ బ్లోయరు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. మూడు వారాల కిందట ఒక పొద్దున్న విల్‌ఫ్రెడ్ దాదా వచ్చాడు. మన పెళ్లిలో మైకు సెట్టు పెట్టినాయన, గుర్తుందా? కరెంటు పనిలో రిటైరయ్యాడు. ఈ మధ్య కళ్లు సరిగ్గా కనబడటం లేదని బయటికే రాడు. 'ఊరికే ఒచ్చినాను, నీ కొత్త మిషను సూద్దామని' అన్నాడు. నేను నా ఏడుపంతా ఏడ్చాను. ఆయన విని, స్టూలు లాక్కుని బ్లోయరు ముందు కూర్చున్నాడు.

'నడుపు' అన్నాడు. నడిపాను. 'ఆపు' అన్నాడు. ఆపాను. మోటారు వెనక చిన్న ఫ్యాను నెమ్మదిస్తూ ఆగేదాకా టార్చి వేసి చూశాడు. మళ్లీ నడుపు, మళ్లీ ఆపు. మూడుసార్లు. తర్వాత బ్లోయరు డొప్పంతా చేత్తో తడిమి, 'దీని మీద బాణం గుర్తు ఉండాల. ఏదీ?' అన్నాడు. బాణమేమిటి, నేను చూడలేదన్నాను. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి నా ఎర్రరంగు మీద గీకడం మొదలుపెట్టాడు. నా ప్రాణం ఉసూరుమంది, అంత బాగా వేసిన రంగు! ఎరుపు పోయి, ఆకుపచ్చ వచ్చి, దాని మీద తెల్లటి బాణం బయటపడింది. రెక్క ఎటు తిరగాలో చూపించే బాణం. మన బ్లోయరు దానికి ఎదురు తిరుగుతోంది.

'ఈ తీగల పెట్టి మూత ఎవులు ఇప్పినారు?' అన్నాడు.

'ఎవులూ ఇప్పనేదు దాదా' అన్నాను.

ఆయన మూత విప్పి టార్చి వేశాడు. 'మరి లోపల ఎర్రరంగు ఏలిముద్ర ఏటి నూకయ్యా? దెయ్యం ఇప్పిందేటి?'

తల దించుకున్నాను. విప్పింది నేనే. తీగ వేలాడుతుంటే రంగు నున్నగా రాదని, మూత విప్పి మూడు తీగలూ ఊడదీశాను. మళ్లీ నేనే బిగించాను. మూడూ ఒకే నలుపు, వరస మారితే మోటారు ఎదురు తిరుగుతుందని నాకు తెలీదు. ఏది ఎక్కడుంటే ఏమిటి, తిరిగిందా లేదా అనుకున్నాను. వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు చేశాను. వడ్రంగి కరెంటు తీగ ముట్టడు, కరెంటు మనిషి ఉలి ముట్టడు, ఎవడి పని వాడిదే. అక్కడ ఒక్కరోజు తప్పని మనిషిని, సొంత షెడ్డులో రంగు సోకు కోసం తప్పాను. సాటి పనివాడి ముందు ఒప్పుకోవడానికి నామోషీ అనిపించి, ఆ అబద్ధం కూడా ఆడాను.

'మరి ఎనక్కి తిరిగితే లాగకూడదు కదా దాదా, ఎంతో కొంత లాగతాంది కదా' అని ఇంకా వాదించబోయాను. ఆయన కోప్పడలేదు. 'టేబుల్ ఫ్యాను ఎనక్కి తిరిగితే గాలి ఎనక్కి పోతాది, నీకు ఎంటనే తెలిసిపోతాది. ఇది నత్తగుల్ల లాటి డొప్ప. రెక్క ఎటు తిరిగినా గాలి నడుమలోంచే ఒస్తాది, మూతిలోంచే పోతాది. కాకపోతే బలం ఉండదు. అందుకే మంచోళ్లు కూడా మోసపోతారు' అన్నాడు. నన్ను మంచోళ్లలో కలిపినందుకు ఆయనకు చేతులెత్తి మొక్కాలి.

మెయిను తీయించి, టెస్టరు పెట్టి చూసి, మూడు తీగల్లో రెంటిని అటూ ఇటూ మార్చాడు. మూడోదాన్ని ముట్టుకోలేదు. ఐదు నిమిషాల పని. మళ్లీ నడిపితే, నీలా, ఏం చెప్పమంటావు! వేలాడుతున్న సంచి ఒక్కసారి బుస్సున ఉబ్బింది. తలుపు రేకులు టకటకా కొట్టుకున్నాయి. రంపం కింద రెండు నెలల పొట్టు లేచి, చీమలబారులా పైపులోకి పోయింది. నేను ఆ పైపు పట్టుకుని ఏడ్చేశాను. అరవై ఏడేళ్ల మనిషిని, రేకు గొట్టం పట్టుకుని ఏడుస్తుంటే ఆ పెద్దాయన భుజం తట్టి నవ్వాడు.

టీ ఇచ్చి, 'దేవుడిలాగ ఒచ్చినావు దాదా' అన్నాను. ఆయన 'నాను రానేదు, నన్ను పంపినారు. సెప్పొద్దన్నాడు గానీ నాకు దాపరికాలు సేతకావు' అన్నాడు. గణపతి పంపాడట. వరసగా నాలుగు సాయంత్రాలు ఆయనింటికి వెళ్లి కూర్చున్నాడట. 'నాను ఎల్తే బావ రానివ్వడు. నువ్వయితే పెద్దోడివి. ఒక్కసారి ఆ బ్లోయరు సూసి రా. మా అప్ప ఇంటికి రావాల' అని బతిమాలాడట. ఆఖరికి తన స్కూటరు మీద ఎక్కించుకుని మన వీధి మొదట్లో దించి వెళ్లింది కూడా వాడే.

నా టీ అక్కడే వదిలేశాను. వెంటనే సైకిలు తీసి నిమ్‌పురా వెళ్లాను. వాడు షెడ్డులో రేకు కొడుతున్నాడు. నన్ను చూసి సుత్తి కింద పెట్టాడు. 'నితాయ్‌దా దుకాణానికి ఒకసారి రా' అన్నాను. 'ఏటి సంగతో ఇక్కడే సెప్పు బావా' అన్నాడు. 'ఇక్కడ కాదు. ఆ మాట అన్నకాడే ఇదీ అనాల' అన్నాను. వాడికి అర్థమైంది. చొక్కా వేసుకుని వచ్చాడు.

సాయంత్రం షిఫ్టు వదిలే వేళ, ఆ రోజు ఉన్నవాళ్లే సగం మంది ఉన్నారు. నేను బల్ల పక్కన నిలబడి అన్నాను: 'ఈడు సేసిన పైపుల్లో తప్పు నేదు. తీగలు నాను ముట్టినాను, తప్పుగా కట్టినాను, ఈణ్ణి నింద ఏసినాను. నా బుద్ధి గడ్డి తిన్నాది.' వాడి వైపు చూడకుండానే అన్నాను. పెద్దరికం పోతుందని కాదు, వాడు మొహం తిప్పుకుంటాడేమోనని. వాడు నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడు. 'కూకో బావా, అందరూ సూస్తన్నారు' అన్నాడు. నితాయ్‌దా రెండు టీలు తెచ్చి మా మధ్యలో పెట్టాడు.

టీ తాగుతూ వాడే అన్నాడు. 'కోపం రానేదని అనను. రెండు రోజులు అన్నం తిననేదు. మూడోనాడు తిని, కూకుని ఆలోసించినాను. నా పైపు సరిగ్గానే ఉంది. మరి తప్పు ఇంకెక్కడో ఉంటాది కదా. మన ఇద్దరం బిగుసుకుని కూకుంటే దాన్ని ఎవులు ఎతుకుతారు? అప్ప ఆడే ఉండిపోతాది. నీకోసం సెయ్యనేదు బావా, అప్ప కోసం సేసినాను.' నీలా, నువ్వు ఎలాంటి అక్కవో నాకు ఆ రోజు తెలిసింది. నువ్వు లేనిచోట కూడా నీ పేరు చెప్పి మనుషులు మంచిగా నడుచుకుంటున్నారు. నిన్ను నాకిచ్చి చేసిన మీ అమ్మానాన్నలను ఆ బెంచీ మీద కూర్చునే తలుచుకున్నాను.

ముందు నేనే నీకు చెప్పాలని వాడు ఇన్నాళ్లూ ఆగాడు. ఈ ఉత్తరం అందాక వాడు నీకు ఫోను చేస్తాడు. నువ్వు మాత్రం ఎక్కువసేపు మాట్లాడకు.

ఇంకొక్క సంగతి ఉంది. ఇది విల్‌ఫ్రెడ్ దాదాకు చెప్పలేదు, గణపతికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. నువ్వు మూడు పేజీలు తిట్టకపోయుంటే నీకు కూడా చెప్పకుండా ఉండేవాణ్ణేమో.

విజయదశమి అయ్యాక నేను నీకు ఉత్తరం రాశాను గుర్తుందా? 'మిషను బంగారంలా పనిచేస్తోంది, ఇంట్లో దుమ్ము లేదు, దీపావళి కాగానే వచ్చెయ్' అని. ఆ ఉత్తరం చూసే కదా నువ్వు టిక్కెట్టు తీయించుకున్నావు. అది రాసిన ముందురోజు నీ మంచం మీద నా పాత తెల్ల పంచె తడిపి పరిచాను. పొద్దున్నించి సాయంత్రం దాకా రంపం నడిపాను. సాయంత్రం పంచె మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. నేను చూశాను. కళ్లారా చూశాను. దాన్ని కొళాయి కింద పెట్టి ఉతికేసి, ఆరేసి, లోపలికొచ్చి 'దుమ్ము లేదు, రా' అని రాశాను.

ఎందుకు రాశానని అడుగుతావు. మర్నాడో ఎల్లుండో బాగుచేసేస్తానులే అనుకున్నాను. అది కొంత నిజం. మిగతా నిజం ఏమిటంటే ఈ ఇంట్లో నువ్వు లేకుండా నావల్ల కాలేదు. పండగ బాజాలు వినబడుతుంటే ఒక్కణ్ణే గుమ్మంలో కూర్చోలేకపోయాను. నీ ఊపిరి కంటే నా ఒంటరితనం నాకు ఎక్కువైపోయింది. తీరా నువ్వు వచ్చే రోజు దగ్గర పడేసరికి భయమేసింది. రాత్రికి నువ్వు ఆ మంచం మీద పడుకుని దగ్గితే ఏ మొహం పెట్టుకుని చూడాలి? అందుకని కప్పు కారుతోందని ఇంకో అబద్ధం రాసి ఆపాను. ఆ రెండో అబద్ధమే ఈ మధ్యకాలంలో నేను చేసిన మంచి పని.

క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను.

ఇప్పుడు చేసింది రాస్తాను. మూడు వారాలుగా బ్లోయరు సరిగ్గా తిరుగుతోంది. సన్న గుడ్డ సంచి మార్చి, సంచి పెట్టిన మూలకు చుట్టూ గది కట్టాం. మధ్య గోడలో కిటికీ పూర్తిగా మూసేశాం. మొన్న గణపతి, 'నువ్వు పరిస్తే నాను నమ్మను బావా' అని నవ్వుతూ తనే కొత్త తెల్లగుడ్డ తడిపి నీ మంచం మీద పరిచి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. రోజంతా టేకు కోశాను. సాయంత్రం వాడే తాళం తీసి, గుడ్డ మడిచి, కవర్లో పెట్టి అతికించాడు. నేను విప్పి చూడలేదు. ఆ కవరు ఈ ఉత్తరంతోపాటే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. నా మాట పక్కనపెట్టి, నువ్వే కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చూసుకో. ఆ తర్వాత అక్కడి డాక్టరుగారికి కూడా చూపించి, ఇక్కడ ఏమేం చేశామో చెప్పి, ఆయన ఏమంటే అది చెయ్యి.

ఆయన వద్దంటే మిషన్లన్నీ నిమ్‌పురాలో గణపతి షెడ్డుకు మార్చేస్తాను. వాడు వెనక సగం ఖాళీ చేస్తానన్నాడు. రోజూ సైకిలు తొక్కితే నా మోకాళ్లకూ మంచిదే.

ఈసారి నిన్ను రమ్మని మాత్రం రాయను. ఆ మాట ఒకసారి అబద్ధానికి వాడేశాను, మళ్లీ రాసే అర్హత ఇప్పట్లో లేదు. వస్తున్నానని నువ్వు రాస్తే స్టేషనులో ఉంటాను. రాలేనని రాస్తే, దాలమ్మతో చెప్పి వాళ్ల వరండాలో నాకు ఒక మంచం వేయించు. నేనే వస్తాను.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూసే నీ ఇంటాయన,
నూకయ్య